కదిరమ్మత్త పెట్టించిన కొళాయి

కదిరమ్మత్త గొంతు వినపడలేదంటే ఆమెకు జ్వరమైనా వచ్చి ఉండాలి, ఊళ్ళో లేకపోయైనా ఉండాలి. ధర్మవరంలో మా వీధికి పన్నెండు ఇళ్ళు, పన్నెండు ఇళ్ళలో పద్నాలుగు మగ్గాలు. అన్ని మగ్గాల చప్పుడు మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు మాట చేరవేయగల మనిషి ఆమె ఒక్కతే. నా మాట మా అమ్మకే సరిగా వినపడదు. అందుకేనేమో, తాను మాట్లాడుతున్నంతసేపూ అడ్డు రాకుండా కూర్చునే మనిషిగా ఆమె నన్ను ఎంచుకుంది.

మగ్గానికి కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. నాలుగైదు వేల పోగులు. వీధిలో ఆ పని కదిరమ్మత్తది. వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చుంటే వేళ్ళు పోగుల్ని చూసుకునేవి, కళ్ళు వీధిని చూసుకునేవి, నోరు ఊరిని చూసుకునేది. పక్కనే రాట్నం పెట్టుకుని నేను కండెలు చుట్టేదాన్ని. ఏడో తరగతితో బడి మానిపించాక నా పని అదే.

ఆమె భర్త ఓబుళేసు మామ పోయి అప్పటికి పదేళ్ళు. పిల్లలు లేరు. ఆయన వదిలిపోయినవి మా ఇంటి గోడనానుకుని ఉన్న ఇల్లు, దాని వెనక ఒక గది, ఒక పెరడు. ఆ గదిలో ఎవరిని దించాలన్నదే ఎనభయ్యో సంవత్సరంలో మా వీధి మొత్తానికి పెద్ద సమస్య అయింది.

మగ్గం మీద జాకార్డు అని ఒక పెట్టె ఉంటుంది. అందులో చిల్లులు పొడిచిన అట్టలు దండలా తిరుగుతుంటాయి. చిల్లు ఎక్కడుంటే అక్కడి పోగు లేస్తుంది, చీర అంచు మీద పువ్వు పడుతుంది. కొత్త పువ్వు కావాలంటే కొత్త అట్టలు కొట్టాలి. అది అందరికీ వచ్చే విద్య కాదు. మా వీధిలో ఎవరికీ రాదు. ఉన్న అట్టలు అరిగి చిల్లులు పెద్దవై, మామిడిపిందెలు పడాల్సిన చోట గుమ్మడికాయలు పడుతున్నాయి. ఆ ఏడు ఉగాదికి ముందు షావుకారు చెన్నప్ప వచ్చి ఒక చీర విప్పి చూసి, మడిచి పక్కన పెట్టాడు.

"ఈ అంచు మా అవ్వ పెండ్లికి కట్టింది. మా అవ్వ పోయి కూడా శానా దినాలాయ. శ్రావణానికి కొత్త అంచు చూపిస్తే పడుగులిస్తా. లేకుంటే ఇంగ నన్ను అడగొద్దండి" అని లేచిపోయాడు.

పడుగులు రాకపోతే మగ్గాలు ఆగుతాయి. మా ఎదురింటి బయ్యన్న అప్పటికే బెంగుళూరులో మరమగ్గాల మీదకు పోతానని అటక మీది బట్టల పెట్టె దించి దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. ఇంకో మూడిళ్ళు ఆయన వెనకే పోవడానికి చూస్తున్నాయి. వీధి ఖాళీ అయితే కదిరమ్మత్త వేళ్ళకు బూడిద రాసుకోవాల్సిన పనే ఉండదు.

అట్టలు కొట్టే మాస్టర్లను అంతకుముందు ఇద్దరిని పిలిపించారు. మొదటాయన సేలం నుంచి వచ్చాడు. పదకొండు రోజులున్నాడు. వీధి కొళాయి దగ్గర ఎవరో విసిరిన బిందె ఆయన భార్య కాలి మీద పడింది. మందు రాసుకుని పోయారు. రెండో ఆయన కంచి నుంచి ఎర్రటి ఎండలో వచ్చి దిగి, స్నానానికి నీళ్ళెక్కడ అన్నాడు. కదిరమ్మత్త ఒక చెంబు ఇచ్చి, "ముకం కడుక్కో సాలు, రేపటికి మళ్ళా దుమ్మే కదా" అంది. ఆయన ఆ చెంబును చాలాసేపు చూశాడు. మర్నాడు గదిలో చెంబు ఉంది, ఆయన లేడు.

అందుకని మూడో ఆయనకు కబురు పెట్టినప్పుడు వీధంతా మా నాయన నారాయణప్ప అరుగు మీద కూర్చుని కదిరమ్మత్తను నిలదీసింది.

"నీ చెంబు వల్లనే పోయినాడు కదిరక్కా" అన్నాడు బయ్యన్న.

"నా చెంబు వల్ల కాదప్పా, చెంబులో నీళ్ళ వల్ల. ఇద్దరూ నీళ్ళు చూసే పోయినారు. ఈసారి వచ్చేటోనికి నీళ్ళు లేవనే మాటే తెలీకుండా చేద్దాం."

"ఎట్ల చేస్తావు? వాన కురిపిస్తావా?"

"కొళాయి పెట్టిస్తా."

అందరూ నవ్వారు. వీధి చివర ఉన్న ఒక్క కొళాయికే నాలుగు రోజులకోసారి నీళ్ళు. అవి చాలక చిత్రావతి ఇసుకలో చెలిమలు తోడుకుని మైలున్నర మోసుకొస్తాం. ఇంట్లో కొళాయి పెట్టిస్తే దానికి నీళ్ళెవరిస్తారు?

"మనమే ఇస్తాం" అంది కదిరమ్మత్త.

ఆమె లెక్క ఇది. మాది బండల మిద్దె. దాని మెట్లు వెనక సందులోకి ఉంటాయి. మిద్దె మీద ఒక డ్రమ్ము పెట్టి, దాని నుంచి గోడలోపలగా ఒక పైపు దించి, అవతల ఆమె పెరట్లో కొళాయి బిగిస్తే, తిప్పిన వాళ్ళకు నీళ్ళొస్తాయి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో పెరట్లో నిలబడ్డ వాళ్ళకు కనపడదు. ఇంటికి రెండు బిందెల చొప్పున తెల్లారుజామున వంతులేసుకుని డ్రమ్ములో పోయాలి.

"అట్టలు ముగిసేదాకానే గదా! నాలుగు నెలలు" అంది. "మొగుడూ పెండ్లామూ ఇద్దరే వస్తాండారు. ఇద్దరు మనుషులు ఎన్ని నీళ్ళు వాడతారప్పా?"

ఇద్దరు మనుషులు ఎన్ని నీళ్ళు వాడతారన్నది ఆమె మా లెక్కన వేసింది. వస్తున్నవాళ్ళు గోదావరి లంకల్లోని వాళ్ళు.

డ్రమ్ము రోడ్డు పనుల దగ్గర దొరికింది. తారు వాసన పోవడానికి అమ్మా నేనూ చింతపండు, బూడిద వేసి మూడు రోజులు తోమాం. నాయన మిద్దె బండల కింద నిలబడి పైకి చూస్తూ, "ఇది నా నెత్తి మీద పడితే మగ్గం ఎవరు నేస్తారు?" అన్నాడు. "పడితే గదా!" అంది కదిరమ్మత్త. డ్రమ్ముకు కాపలా నన్ను పెట్టింది. నీళ్ళు జానెడు లోతుకు దిగితే మెట్ల కొసన ఎర్ర రవికె గుడ్డ వేలాడదీయాలి. అది చూసి వంతులో ఉన్నవాళ్ళు పరుగెత్తాలి. ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి నేను ఒప్పుకున్నాను.

మాస్టరు వీర్రాజు, ఆయన భార్య మాణిక్యం ఉగాది వెళ్ళిన వారానికి రైలు దిగారు. కదిరమ్మత్త తోడు రమ్మంటే నేనూ స్టేషనుకు వెళ్ళాను. మాస్టరు సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో ఉన్నాడు. మాణిక్యం గుండ్రటి ముఖం, తలలో పువ్వులు. రెండు రోజులు ప్రయాణం చేసినా ఆమె ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది.

"పిన్నిగారూ, ఇటువైపు నీళ్ళకి బాగా ఇబ్బందని రైల్లో ఎవరో అన్నారండీ. నిజవేనా?" అని దిగీ దిగగానే అడిగింది మాణిక్యం.

"రైల్లో అందరూ పనీపాటా లేనోళ్ళే కదమ్మా" అంది కదిరమ్మత్త. "మా ఇంట్లో కొళాయి ఉండాది. తిప్పుకో, పట్టుకో. అంతే."

"ఆయ్, అయితే పర్లేదండి" అని మాణిక్యం భర్త వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు మా వీధికి రోజుకు ఇరవై బిందెలు.

ఎందుకంటే ఆమె పొద్దున లేస్తూనే గది ముందు, పెరట్లో, గుమ్మం బయట నీళ్ళు చల్లేది. చల్లడం అంటే మేము చేతి వేళ్ళతో చిలకరిస్తాం. ఆమె బకెట్టుతో పోసేది. తర్వాత ఇద్దరూ స్నానం. సాయంత్రం మళ్ళీ ఇద్దరూ స్నానం. బియ్యం నాలుగు నీళ్ళు కడిగేది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. ఇవన్నీ నేను మిద్దె మీద డ్రమ్ము పక్కన కూర్చుని, నీళ్ళు దిగే తీరును బట్టి తెలుసుకునేదాన్ని. వేగంగా దిగితే స్నానం. ఆగి ఆగి దిగితే గిన్నెలు. ఎడతెరిపి లేకుండా దిగుతూ ఉంటే ఆమె ఏదో పాట పాడుతూ కొళాయి కట్టడం మరిచిపోయిందన్నమాట.

వీధిలో స్నానాలు వారానికొకటయ్యాయి. నాయన గడ్డం గీసుకోవడం మానేశాడు. బయ్యన్న మా గోడ దగ్గరకొచ్చి, "కదిరక్కా, నా పెండ్లాం నన్ను దూరంగా పండుకోమంటాంది" అన్నాడు.

"మంచిదేలే. నీ గురక ఆమెకు తప్పింది."

ఒకసారి మాస్టరు తలకు సబ్బు పెట్టుకుని ఉండగా డ్రమ్ము అడుగంటింది. నేను గుడ్డ కట్టినా వంతు ఉన్న ఇంటివాళ్ళు చూసుకోలేదు. కొళాయి గుర్రుమని రెండు చుక్కలు కార్చి ఊరుకుంది. "పిన్నిగారూ! నీళ్ళు ఆగిపోయాయండీ, కళ్ళు మండుతున్నాయండీ!" అని మాస్టరు కేకలు పెట్టాడు. కదిరమ్మత్త అటు తిరిగి నిలబడి, "కంగారు పడొద్దు మాస్టరూ, కండ్లు మూసుకోండి. దూరం నుంచి వస్తాయి కదా, అట్లే ఉంటాది. మీ ఊర్లో గోదారి ఎంత వెడల్పుంటాది చెప్పండి వింటా!" అని ఆయనను మాటల్లో పెట్టింది. పాపం మాస్టరు నురగలోంచే గోదావరి వర్ణన మొదలుపెట్టాడు. ఈలోగా బయ్యన్న రెండు చేతుల్లో రెండు బిందెలతో మా మెట్లు ఎక్కాడు. ఆయన రొప్పు అవతలికి వినపడకుండా కదిరమ్మత్త గోదావరి గురించి ఇంకా గట్టిగా అడుగుతోంది.

మాస్టరు పని మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. మొదటి పది రోజులు సుత్తి ముట్టలేదు. గొడుగు వేసుకుని ఊరి చుట్టూ తిరిగాడు. తర్వాత గళ్ళ కాగితం మీద ఒక తీగ గీసి అరుగు మీద పరిచాడు. నాలుగు నాలుగు ఆకులు, మధ్యన చిన్న పచ్చటి పువ్వు, కింద ఊడలాగా దిగిన కాడ. అందరూ వంగి చూశారు.

"ఇది శెనక్కాయ చెట్టు కదా!" అన్నాడు బయ్యన్న.

"ఆయ్, అవునండి. ఎంత బావుందండీ పువ్వు! మా వైపు ఇంతలా చూళ్ళేదు."

"పట్టుచీర మీద శెనక్కాయ చెట్టా? రేప్పొద్దున కొంగు మీద సద్దరొట్టె నేపిస్తావు మాస్టరూ."

అందరూ నవ్వారు. కానీ నాయన కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, "మనం దినామూ తొక్కుకుంటా పోయే చెట్టు. పువ్వు ఇట్లుంటాదని నేను ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. ఆ మర్నాటి నుంచి గోడ అవతల టక్ టక్ అని అట్టలు కొట్టే చప్పుడు మొదలైంది. నా రాట్నం తిరగడం కూడా ఆ చప్పుడుకు తగ్గట్టే అలవాటైంది. బయ్యన్న బెంగుళూరు ప్రయాణం శ్రావణందాకా వాయిదా వేసుకున్నాడు.

అంతా సర్దుకుంటోందనుకునే వేళకు మాణిక్యం పెరట్లో అరటి మొక్క నాటింది. ఎక్కడి నుంచో తెప్పించుకుంది. రోజుకు మూడు బకెట్లు.

"అరిటికి నీళ్ళా!" అని బయ్యన్న భార్య నల్లమ్మ మా మెట్ల మీదే కూలబడింది. "నా కొడుకుకు నీళ్ళు పోసి నాలుగు దినాలాయ, అరిటికి పొద్దూమాపూ పోస్తాండా నేను!"

"గమ్మునుండు. చెట్టు నాటినారంటే ఉంటారని అర్థం" అంది కదిరమ్మత్త. ఆ ముఖంలో సంతోషం చూడాలి. నిజమే. ఆ వారంలోనే మాస్టరు తన బావమరిది సూరిబాబుకు ఉత్తరం రాశాడు. సూరిబాబు జాకార్డు పెట్టెలు బిగించేవాడు. 'ఇక్కడి మనుషులు మంచివాళ్ళు, పని బోలెడుంది, నీళ్ళకు మన ఊరికన్నా హాయి, తప్పకుండా రా' అని ఆ ఉత్తరం మాణిక్యమే అందరికీ చదివి వినిపించింది. 'మన ఊరికన్నా హాయి' అన్న దగ్గర మా వాళ్ళలో ఒక్కరూ తలెత్తలేదు.

అసలు చిక్కు మాణిక్యం మంచితనంతో వచ్చింది. వీధి కొళాయి దగ్గర మేము బిందెలు వరసపెట్టుకుని కూర్చోవడం ఆమె రోజూ చూస్తోంది. తన ఇంట్లో కొళాయి ఉండి, పక్కవాళ్ళు ఇలా ఎండలో కూర్చోవడం ఆమె మనసుకు పట్టలేదు. వైశాఖంలో ఒకరోజు పది గంటలకు గుమ్మంలో పెద్ద కాగు పెట్టి, నీళ్ళు నింపి, తన ఊరి నుంచి తెచ్చుకున్న వట్టివేళ్ళు అందులో వేసి, "రండమ్మా, మొహమాటపడకండి, తలో బిందె పట్టుకెళ్ళండి. దేవుడు మాకిచ్చింది మీకివ్వకపోతే ఎలాగండీ?" అని పిలిచింది.

పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. తెల్లారుజామున తాము మోసి పోసిన నీళ్ళు పది గంటలకు తాము దానం పుచ్చుకుంటున్నారు. నవ్వు ఆపుకోలేక నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ కళ్ళనీళ్ళు చూసి మాణిక్యం, "అయ్యో, నీళ్ళకే ఏడుస్తున్నావా నల్లమ్మా!" అని ఆమె భుజం తట్టి ఇంకో చెంబు ఎక్కువ పోసింది.

ఇది రోజూ జరగసాగింది. కదిరమ్మత్త అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది. "ఆమె ఇచ్చినవి తాగండి, వండుకోండి. డ్రమ్ములో మాత్రం ఏటి నీళ్ళు, కొళాయి నీళ్ళు తప్ప పోయొద్దండి. వినబడిందా?" అందరికీ వినపడింది. నల్లమ్మకు కూడా వినపడే ఉంటుంది. కానీ ఆమెకు ఒకరోజు కాలు బెణికింది. మైలున్నర నడిచి ఏటికి పోలేదు. ఇంట్లో మాణిక్యం ఇచ్చిన రెండు బిందెలు నిండుగా ఉన్నాయి. నీళ్ళు నీళ్ళే కదా అనుకుని కుంటుకుంటూ మా మెట్లెక్కి డ్రమ్ములో పోసి పోయింది. వాసన నాకు అప్పుడే తెలిసింది. చెప్పడానికి నోరు తెరిచే లోపల నల్లమ్మ దిగిపోయింది.

ఇంకాసేపటికి గోడ అవతల మాస్టరు గొంతు. "ఏమేవ్, కొళాయి నీళ్ళు వట్టివేళ్ళ వాసనొస్తున్నాయేంటి?"

కొళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత వాళ్ళ తలుపు తీసిన చప్పుడు. తర్వాత సందులో గాజుల చప్పుడు. మాణిక్యం పైపు దూరిన గోడ వెంట చూసుకుంటూ చూసుకుంటూ మా మెట్లెక్కి మిద్దె మీదకొచ్చింది. డ్రమ్మును చూసింది. నీళ్ళ మీద తేలుతున్న చిన్న వేరు ముక్కను రెండు వేళ్ళతో తీసింది. నా చేతిలో ఎర్ర గుడ్డ ఉంది.

"ఈ నీళ్ళు ఎక్కడివమ్మా?" అంది మెల్లగా.

కదిరమ్మత్త అయితే ఏదో ఒకటి చెప్పేది. నాకు అంత తొందరగా ఏదీ తోచదు. "చిత్రావతివి" అన్నాను.

"ఎవరు తెస్తున్నారు?"

"అందరూ."

ఆమె డ్రమ్ము అంచు పట్టుకుని వీధి వైపు చూసింది. సరిగ్గా అప్పుడే నాయన, బయ్యన్న నెత్తిన బిందెలతో, దుమ్ము పట్టిన గడ్డాలతో మలుపు తిరిగి వస్తున్నారు. పైన ఆమెను చూసి ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. బయ్యన్న బిందె దించి వెనక దాచుకోవాలని చూశాడు. బిందె వెనక దాగేది కాదు, బయ్యన్న సన్నటి మనిషి.

పది నిమిషాల్లో మాస్టరు పెట్టె సర్దుతున్నాడు. సగం కొట్టిన అట్టలు గోడ వారన ఉన్నాయి. వీధంతా పెరట్లో నిలబడింది.

"మమ్మల్ని మోసం చేశారండీ" అన్నాడు మాస్టరు. కోపం కన్నా అవమానం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నేను మా బావమరిదికి ఏం రాశానండీ! వాడు బయల్దేరిపోతే వాడికేం చెప్పను?"

మాణిక్యం అరటి మొక్క దగ్గర నిలబడి ఉంది. "మీరు నెత్తిన మోసుకొచ్చిన నీళ్ళతో నేను వాకిలి కడిగేనా పిన్నిగారూ? మీ నీళ్ళు మీకే ఇచ్చి దండాలు పెట్టించుకున్నానా? నేనింక మీ మొహాలు ఎలా చూడను?" అని ఏడ్చేసింది.

కదిరమ్మత్త క్షమించమని అడుగుతుందని అందరం అనుకున్నాం. ఆమెకు ఆ మాట ఎలా అనాలో తెలియదు.

"ఉండేది ఉన్నట్ల చెప్పింటే వచ్చిందువా?" అని అడిగింది.

"వచ్చేవాళ్ళం కాదండి" అంది మాణిక్యం.

"మరి!"

"అలాగని..."

"నా మాట ఇను. నేను తనకల్లు దగ్గర నుంచి ఈ ఊరికి కోడలై వచ్చిన దినం, ఇంట్లో కాలు పెట్టినానో లేదో, మా అత్త నా చేతికి బిందె ఇచ్చింది. నీళ్ళు యాడుంటాయి అంటే, 'ముందరామె ఎనకాలే పో' అనింది. పోయినా. పద్నాలుగేండ్ల పిల్లని. ముందరామె మొకం కూడా తిప్పి చూడల్యా. ముప్పై ఏండ్లాయ, అట్లే పోతాండా. నువ్వు రైలు దిగి నవ్వినావు చూడు, ఆ నవ్వు చూసి, ఈ పిల్లకు నాలుగు నెలలన్నా ఆ పని ఉండగూడదనుకున్యా. కొళాయి పెట్టింది మగ్గాల కోసరమే, లేదని చెప్పను. నడిపింది దాని కోసరం కూడా. ఇంగ పోతావో ఉంటావో నీ ఇష్టం. బండి నాలుగింటికి."

అంత పొడుగు మాటలో ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. అది విని మేమంతా భయపడ్డాం.

మాణిక్యం ముక్కు తుడుచుకుంది. మాస్టరు పెట్టె మూత మీద చెయ్యి వేసి ఆమె వైపు చూస్తున్నాడు. ఉండాలా పోవాలా అన్నది ఆమె చెబుతుందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆమె వెళ్ళి గుమ్మంలో ఉన్న ఖాళీ బిందె తీసుకుని చంకన పెట్టుకుంది.

"ముందరామె ఎవరండీ?" అంది.

నల్లమ్మ బెణికిన కాలితోనే ముందుకొచ్చింది.

మాణిక్యం రెండు షరతులు పెట్టింది. కొళాయి ఊడదీయాలి. సూరిబాబు దిగిన వెంటనే, రైలు కదిలేలోపే, కదిరమ్మత్తే వెళ్ళి ఉన్నదంతా చెప్పాలి.

మొదటి రోజు వీధి కొళాయి దగ్గర మాణిక్యం, "మీరు కానివ్వండి, పర్లేదండి, మీరు పట్టుకోండి" అని అందరికీ దారి ఇచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయాయి. రెండోసారీ అంతే. జ్యేష్ఠం సగానికొచ్చేసరికి ఒక పొద్దున ఆ వైపు నుంచి ఒక కొత్త గొంతు వినపడింది. "ఏంమే నల్లమ్మా! నా బిందె యాడ పెట్టినావు? నిన్నటి నుంచి నీ యవ్వారం చూస్తానే ఉండా!" మగ్గాలు ఆగాయి. బయ్యన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి చూశాడు. కదిరమ్మత్త పోగులు వదిలేసి కళ్ళు తుడుచుకుంది. "బూడిద పడిందిలే" అని నాకు చెప్పింది. నేను అడగలేదు.

అరటి మొక్కను పీకేస్తానని మాణిక్యం అంటే వీధి ఒప్పుకోలేదు. "ఇన్ని దినాలు మోసి పోసింది నేను. ఇప్పుడు ఎండబెడతానంటే ఊరుకుంటానా?" అని అందరికన్నా ఎక్కువ తిట్టిన నల్లమ్మే తన ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి గోడ మీద నుంచి పోసింది.

ఆషాఢం చివర అట్టలు పూర్తయ్యాయి. బయ్యన్న మగ్గం మీదే మొదట ఎక్కించారు. మూరెడు అంచు దిగేసరికి షావుకారు చెన్నప్ప వచ్చి ఎర్రటి పట్టు మీద జరీ శెనక్కాయ తీగను వేలితో తడిమాడు. మర్నాడు ఎనిమిది పడుగులు పంపాడు. కదిరమ్మత్త వేళ్ళకు బూడిద చాలలేదు. బయ్యన్న తన పెట్టెను మళ్ళీ అటక మీదకు ఎక్కించాడు. ఈసారి దుమ్ము దులపలేదు.

సూరిబాబు శ్రావణమాసం మొదటి వారంలో దిగాడు. మాస్టరు, మాణిక్యం ప్లాట్‌ఫారం మీద ఒక పక్కన నిలబడ్డారు. ముందు మాట కదిరమ్మత్తది. అతను మెట్టు మీద నుంచి కాలు కింద పెట్టకముందే ఆమె మొదలుపెట్టింది.

"ఇను నాయనా. మీ బావ రాసిందంతా అబద్ధం, చెప్పించింది నేను. నీళ్ళు నాలుగు దినాలకొకసారి. కొట్టుకోవాల. ఎండ మార్చిలో మొదలయితే ఎప్పుడు ముగుస్తాదో నాకు తెల్సి ఇంతవరకూ ముగియలేదు. గాలి వస్తే అన్నంలో మన్ను. మన్ను రాకపోతే గాలి లేదని అర్థం, అప్పుడు ఉడికిపోతావు. తేళ్ళుండాయి. రాగి సంగటి తినాల. కారం మీకు పడదు. పని మాత్రం ఉండాది. మనుషులం మంచోళ్ళమే గానీ నోరు మంచిది కాదు. అదో, బండి ఇంకా కదలలేదు. ఆలోచించుకో."

సూరిబాబు చేతిలో పెట్టెతో మెట్టు మీదే నిలబడిపోయాడు. అక్క వైపు చూశాడు. "నిజవేనా అక్కా?"

"తక్కువ చెప్పిందిరా" అంది మాణిక్యం.

గార్డు ఈల వేశాడు. సూరిబాబు కదిరమ్మత్తను పైనుంచి కిందికి చూశాడు. "ఇంకేమన్నా ఉందాండీ?"

కదిరమ్మత్త నిజంగానే ఆలోచించింది.

"ఒకటుండాది. నువ్వు దిగేది నా ఇంట్లో. నేను నాలుగింటికే లేస్తా. లేస్తే అరుస్తా."

రైలు కదిలింది. సూరిబాబు పెట్టె ముందు కింద పడేసి, తర్వాత తాను దూకాడు.